బడి గేటు తాళం

జనవరి 27

నువ్వు దొంగవి. ఈ డైరీ తెరిచావని కాదు. నీ పిల్లల్ని పొద్దున్నే పసుపు బస్సెక్కించి ప్రైవేటు స్కూలుకి పంపి, సర్కారు బడిలో ఏముందండీ అని టీ కొట్టు దగ్గర నవ్వేది నువ్వే. ఆ బడి గోడకి నీ గేదెని కట్టేస్తావు. దాని పంపుకి నీ పైపు తగిలిస్తావు. దాని గ్రౌండులో నీ మిరపకాయ ఎండబోస్తావు. నీ పిల్లని మాత్రం అందులో వేయవు. బడిని దోచింది పైనున్న సర్కారొక్కటే అనుకుంటున్నావా? నువ్వు కూడా.

ఇదే మాట వ్యాసంగా రాసి యూనియన్ పత్రికకి పంపితే, "హయాత్ గారూ, పాఠకుణ్ణి తిడితే ఎలా, స్వరం కాస్త తగ్గించండి" అని తిప్పి పంపారు. తగ్గించను. ఇక్కడ సంపాదకుడు లేడు.

ఇవాళ బడి తల్లిదండ్రుల కమిటీ సమావేశం. సోషల్ చెప్పుకునేవాణ్ణి తీసుకొచ్చి ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు కుర్చీలో కూలేశారు గదా, ఆ కుర్చీకి ఇన్నాళ్లకి ఒక ప్రయోజనం కనబడింది. బడి మీద అధికారం తల్లిదండ్రులకుండాలని సగం జీవితం అరిచాను. ఇవాళ కళ్లతో చూశాను.

చైర్మన్ పేరమ్మ లేచింది. కాలనీ మనిషి. మిరప కోతలకి పోతుంది, కల్లాల్లో తాలుకాయ ఏరుతుంది. కూతురు ఎనిమిదో తరగతి. "పోయినేడు ప్రేయర్లో మా పిల్ల ఘాటుకి దగ్గీ దగ్గీ రక్తం కక్కింది. మీ కాయ మీరెక్కడైనా పోసుకోండి. బడిలో వద్దు," అంది.

"మరెక్కడ పోసుకోమంటావు పేరమ్మా, నీ నెత్తి మీదా?" అన్నాడు యలమందయ్య. కౌలు రైతు. వాడి కూతురు హేమశ్రీ పదో తరగతి, మా బడికి ఫస్టు.

"నా నెత్తి మీద గంపుంది. ఖాళీ లేదు."

అందరూ నవ్వారు. యలమందయ్య కూడా నవ్వాడు. తర్వాత చేతులెత్తారు. వాడు ఆఖర్న ఎత్తాడు, కిటికీ దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూసి. ఏకగ్రీవం. బడి గ్రౌండు ఇకమీదట కల్లం కాదు.

తాళం సంగతి నా ఆలోచన. గేటు తాళం అటెండరు దగ్గర ఎందుకుండాలి? చైర్మన్ దగ్గరుండాలి. బడి తాళం ఊరి చేతికి. ఈ మాటకి చప్పట్లు పడ్డాయి. కొత్త తాళం తెప్పించి పేరమ్మ చేతిలో పెడితే, చెవిని కొంగుకి ముడేసుకుని రెండుసార్లు లాగి చూసుకుంది. తాళంతో పాటు రెండో చెవి కూడా వచ్చింది. దాన్ని ఇంట్లో బీరువాలో పడేశాను. ఊరికే. మొదటిది పోతే పనికొస్తుందని.

ఫిబ్రవరి 9

ప్రేయర్లో ఎవరూ దగ్గలేదు.

ఫిబ్రవరి 16

చెంచురామయ్య దారిలో కారాపాడు. మాజీ ప్రెసిడెంటు, కోల్డ్ స్టోరేజీ యజమాని. వాడి మనవళ్లు గుంటూరులో ఏసీ క్లాసుల్లో చదువుతారు.

"మంచి పని చేశారు మాస్టారూ. గ్రౌండులో కాయ పోసే అలవాటు మా నాన్నే మొదలెట్టాడు లెండి. ఇప్పుడు నాకు సిమెంటు కల్లముంది. నాకేం ఇబ్బంది లేదు."

"మరి కౌలుదార్లని ఆ సిమెంటు మీద పోసుకోనివ్వచ్చు గదా."

"నా కాయకే చాలట్లేదండీ."

నవ్వాడు. ఆ నవ్వులో కుట్ర ఉంది. రాసిపెట్టుకుంటున్నాను: ఈ ఊళ్లో ఏది జరిగినా వెనక వీడుంటాడు.

కౌలుదార్లు బడి గోడ బయట, రోడ్డు వార పట్టాలు పరిచి పోసుకుంటున్నారు. అది కూడా సరైన చోటు కాదు. కానీ బడి కాదు గదా.

ఫిబ్రవరి 27

వాన. ఈ నెలలో వానేమిటి. బడి వదిలాక ఇంటికొచ్చి టీ తాగుతుంటే పడమట నల్లబడింది. గ్లాసు దించేలోపే పెంకుల మీద రాళ్లు పోసినట్టు మొదలైంది.

యలమందయ్య వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒంటి మీంచి నీళ్లు కారి గడప తడిసింది.

"గేటు తీయించండి మాస్టారూ. కాయ గోడ పక్కనే ఉంది. వరండాలోకి లాక్కుంటే చాలు."

ఏటా జరిగేది అదే. మబ్బు కనబడగానే అటెండరు గేటు తీసేవాడు, ఊరంతా పట్టాల కొసలు పట్టుకుని లోపలికి పరిగెత్తేది, గదులన్నీ కాయతో నిండేవి, మర్నాడు పిల్లలకి సెలవు. మా తీర్మానం ఈ అలవాటు మీదే గదా.

"తాళం పేరమ్మ దగ్గరుందయ్యా."

"పేరమ్మ వినుకొండ అవతలికి కోతకెళ్లింది. ఫోను కలవట్లా."

"అయితే నా చేతిలో ఏముంది? అధికారం ఆమెది. నువ్వూ చెయ్యెత్తావు గదా."

"ఎత్తాను. ఎండకి ఎత్తాను మాస్టారూ, వానకి కాదు."

చెప్పాను వాడికి. ఇవాళ నీకోసం తీస్తే రేపు చెంచురామయ్య కోసం తీయాల్సొస్తుందన్నాను. హెడ్మాస్టరు తల్చుకుంటే తెరుచుకునే గేటయితే ఇక కమిటీ దేనికన్నాను. మనమే రాసుకున్న నియమాన్ని మొదటి వానకే తుడిచేస్తే, పైనున్నవాళ్లు మనల్ని చూసి నవ్వరా అన్నాను. బాగా చెప్పాను. ఇప్పుడు రాసుకుంటుంటే కూడా ఒక్క మాట మార్చాలనిపించడం లేదు. నేను చెబుతుంటే వాడు వెనక్కి తిరిగి వాన వంక చూస్తూనే ఉన్నాడు.

కరీమున్ చేతులు తుడుచుకుంటూ లోపల్నుంచి వచ్చింది. నా వైపు చూసింది. బీరువా వైపు చూసింది. ఎందుకు చూసిందో.

"ఏమండీ," అంది.

"నువ్వుండు," అన్నాను.

యలమందయ్య వానలోకి పరిగెత్తాడు.

కరీమున్ అన్నం పెట్టి పక్కన కూర్చోలేదు.

ఫిబ్రవరి 28

వరసలో రాయాలి.

నిన్న వాళ్లు గునపంతో తాళం పగలగొట్టారట. అప్పటికే రోడ్డు మీది నీళ్లన్నీ పట్టాల మీదుగా పారాయి. సగం కాయ కాలవలోకి కొట్టుకుపోయింది. మిగిలింది ఉబ్బి, నల్లబడి, చేత్తో పట్టుకుంటే జారిపోతోంది.

పొద్దున పేరమ్మ కోత నుంచి కూలీల ఆటోలో వచ్చి నేరుగా బడి దగ్గరే దిగింది. విరిగిన తాళం చూసి ఆగిపోయింది. గేటు దగ్గర యలమందయ్య, వాడి బావమరుదులు ఇద్దరు. లోపల ప్రేయర్ జరుగుతోంది. హేమశ్రీ మైకు ముందు నిలబడి ప్రతిజ్ఞ చెప్పిస్తోంది.

"తాళం చెవేదే?" అన్నాడు యలమందయ్య.

"ఇదుగో. నిన్న ఒక్కళ్లు ఎట్లాగైనా కబురు చేసుంటే..."

"కాలనీ దాని కొంగులో ఊరి తాళం. మునిగింది చూడు ఊరు."

బావమరుదులు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. యలమందయ్య వంగి కుప్పలోంచి తడి కాయ గుప్పెడు తీసి ఆమె మొహం మీద పెట్టి రుద్దాడు. గింజలు చితికి రసం కారేదాకా రుద్దాడు. ఆమె అరుస్తుంటే నోట్లోకి కూడా తోశాడు. నేను పరిగెత్తాను. బావమరుదుల్లో ఒకడు నా రొమ్ము మీద తన్నాడు. వెల్లకిలా పడ్డాను. అక్కణ్ణించే చూశాను. విరిగిన తాళంకప్పని యలమందయ్య పిడికిట్లో బిగించాడు. ఎడమ కంటి మీద కొట్టాడు. మళ్లీ అక్కడే కొట్టాడు. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ చప్పుడు ఊరంతటికీ వినబడింది.

హేమశ్రీ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఎనిమిదో తరగతి వరసలోంచి పేరమ్మ కూతురు పరిగెత్తుకొచ్చి యలమందయ్య మోచేతిని కొరికి పట్టుకుంది. విదిలిస్తే దూరంగా పడింది, నోట్లో రక్తంతో. ఎవరి రక్తమో.

ఊరివాళ్లు గోడవతల నిలబడి చూశారు. ఒక్కడు లోపలికి రాలేదు. దొంగవి అని నేనన్నది ఇందుకే.

మార్చి 1

ఇది చెంచురామయ్య చేయించిన పని.

మార్చి 2

స్టేషన్లో వాంగ్మూలం ఇచ్చాను. చూసింది చూసినట్టు చెప్పాను. కొట్టింది యలమందయ్య, పట్టుకుంది బావమరుదులు. ముగ్గురినీ లోపలేశారు. వెనక చెంచురామయ్య ఉన్నాడని కూడా చెప్పాను. ఎస్సై పెన్ను పక్కన పెట్టాడు.

"అతను ఆ రోజు పిడుగురాళ్లలో పెళ్లిలో ఉన్నాడండీ. మీ దగ్గర ఆధారమేమన్నా ఉందా?"

"చరిత్రంతా ఆధారమే," అన్నాను.

"అది కోర్టులో చెల్లదు మాస్టారూ. వాన పడ్డప్పుడు తాళం గురించి మీ దగ్గరకి ఎవరైనా వచ్చారా?"

వచ్చారని చెప్పాను. అధికారం నాది కాదని చెప్పినట్టు చెప్పాను. అడిగినవాటికన్నిటికీ జవాబిచ్చాను. అడగనిది చెప్పడం సాక్షి పని కాదు.

మార్చి 4

గుంటూరు ఆసుపత్రికి వెళ్లాం, నేనూ కరీమున్. ఎడమ కన్ను తీసేశారు. కుడి కన్ను మంట తగ్గితే చూపు వస్తుందట. పేరమ్మ తమ్ముడు శివనాగరాజు మంచం పక్కన నిలబడ్డాడు. హైదరాబాదులో లిఫ్టులు బిగించే పని, వార్త విని వచ్చాడు.

ఇది వ్యక్తుల గొడవ కాదు, అధికారం కిందికి దిగినప్పుడు పైకులం చేసే దాడి అని వాడికి వివరించాను. వాడు తలెత్తకుండా విన్నాడు.

"అయిపోయిందా మాస్టారూ?" అన్నాడు. "మా అక్క కన్ను ఎవరిస్తారో చెప్పండి, మిగతాది తర్వాత వింటాను."

పేరమ్మ కట్టు కిందనుంచి అడిగింది. "నేను ఊళ్లో లేను గదా మాస్టారూ. ఇంకేం దారి లేకపోయిందా ఆ పూట?"

"లేకపోయిందమ్మా," అన్నాను.

కరీమున్ లేచి బయటికి వెళ్లింది. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ వైపు కూర్చుని కొంగు మొహం మీద కప్పుకుంది. ఆమెకి బస్సు వాసన పడదు.

మార్చి 6

శివనాగరాజు, కాలనీ కుర్రాళ్లు కొందరు మిట్టమధ్యాహ్నం యలమందయ్య దొడ్లోకి వెళ్లారు. మిగిలిన కాయని వాడి భార్య వెంకటరావమ్మ మళ్లీ ఆరబోసి బస్తాలకెత్తింది. ఆ బస్తాల మీద పెట్రోలు పోసి అంటించారు.

మిరపకాయ తగలబడితే ఎలా ఉంటుందో ఈ నేల మీద పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. బస్తాలు బస్తాలు తగలబడితే ఎలా ఉంటుందో నాకూ ఇవాళే తెలిసింది. గాలి బడి వైపు ఉంది. పదో తరగతి పిల్లలు నమూనా పరీక్ష రాస్తున్నారు. ముందు ఒకడు తుమ్మాడు, నవ్వారు. తర్వాత గదంతా దగ్గు. తర్వాత ఎవరికీ ఊపిరి లేదు. పిల్లలు కళ్లు మూసుకుని గోడలకి గుద్దుకున్నారు, ఒకళ్ల మీదొకళ్లు పడ్డారు, కిటికీల్లోంచి దూకారు. ఒకమ్మాయి మణికట్టు విరిగి ఎముక బయటికొచ్చింది. నేను గేటు దాకా పిల్లల్ని ఈడ్చుకొచ్చి వాంతి చేసుకున్నాను. ఊళ్లో పశువులు పలుపులు తెంపుకుని మనుషుల్ని తొక్కుకుంటూ పోయాయి.

వెంకటరావమ్మ మంటల్లోంచి ఒక బస్తా లాగింది. ఒక్కటి. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. తల్లి దగ్గరికి పరిగెత్తబోయిన హేమశ్రీని ఇద్దరు టీచర్లు పట్టుకోలేకపోయారు.

శివనాగరాజు పారిపోలేదు. రోడ్డు మీద నిలబడి దగ్గుతూనే ఉన్నాడు, జీపు వచ్చేదాకా.

పేరమ్మ, యలమందయ్య ఇద్దరూ ఒళ్లొంచి బతికేవాళ్లే. ఇద్దరి పిల్లలూ నా బడిలోనే. వాళ్లలో వాళ్లు ఇలా నరుక్కుంటుంటే చెంచురామయ్య సిమెంటు కల్లం మీద కాయ ఎర్రగా ఆరుతోంది. వెనక వాడే ఉన్నాడు. వాడు లేకుండా ఎలా జరుగుతుంది. ఇంకెవరు చేస్తారు.

మార్చి 7

కళ్లు మండుతున్నాయి.

మార్చి 10

ఎం.ఇ.ఓ. వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. ఘాటు ఇంకా గోడల్లో ఉంది.

"చూశారా హయాత్ గారూ, బడి తీసుకెళ్లి కూలోళ్ల చేతిలో పెడితే ఏమైందో. మీ వ్యాసాలు చదువుతుంటాను లెండి. బాగుంటాయి."

టైపు చేసిన కాగితం తీశాడు. శాంతిభద్రతల దృష్ట్యా కమిటీ రద్దు. దాని చోట దాతల సంఘం, అధ్యక్షుడు చెంచురామయ్య. గేటు దగ్గర సిమెంటు తోరణం కట్టిస్తాడట, వాళ్ల నాన్న పేరుతో. కమిటీ కన్వీనరుగా నా సంతకం ఒక్కటి కావాలి.

"కమిటీ చేసిన తప్పేంటండీ?" అన్నాను. "తీర్మానం చేసింది. చట్టం ఇచ్చిన హక్కు అది. కొట్టినవాడి తప్పుకి దెబ్బ తిన్నదాన్ని దించుతారా?"

"ఆవేశపడకండి. మీ మంచికే చెబుతున్నా. ఆ తాళం కొన్నప్పుడు రెండు చెవులు వచ్చాయని మీ అటెండరు ఏదో అంటున్నాడు. నేను పట్టించుకోలేదు. సంతకమైపోతే ఇక ఎంక్వయిరీ ఎందుకుంటుంది చెప్పండి."

తీర్మానాల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాగితం నా బల్ల మీద వదిలేశాడు.

మార్చి 11

సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు. ఇది ఎత్తుగడ. కాలయాపన కూడా పోరాటంలో భాగమే.

సంతకం పెడితే ఏమవుతుంది? ఇప్పుడున్న కమిటీ ఎలాగూ విరిగిపోయింది. బయటుండి మళ్లీ కట్టొచ్చు. నేను ఉద్యోగంలో ఉంటేనే గదా ఏదైనా చేయగలను.

కరీమున్ ఆ కాగితం చదివింది. "చెంచురామయ్య పేరు చివర్న గారు అని రాశారు. పేరమ్మ పేరు చివర్న రాయలేదు," అంది. అంతే అంది.

మార్చి 13

పేరమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఇంటికి పోలేదు. బడికొచ్చి వరండాలో కూర్చుని, "కమిటీని పిలవండి మాస్టారూ," అంది. ఎడమ వైపు కట్టు, కుడి కన్ను ఎర్రగా, నీరు కారుతూ.

రద్దు కాగితం వచ్చిందమ్మా అన్నాను.

"మీరు సంతకం పెట్టారా?"

"లేదు."

"అయితే ఇంకా ఉన్నట్టేగా. పిలవండి."

సగం మందే వచ్చారు. కాలనీవాళ్లు ఒక పక్క, ఊరివాళ్లు ఒక పక్క. మధ్యలో ఖాళీ. గేటు దగ్గర పోలీసు ఒకడు. చివర్న వెంకటరావమ్మ వచ్చింది, రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లతో, వెనక హేమశ్రీ. కాలనీ పక్క నుంచి ఎవరో "సిగ్గు లేదా" అన్నారు. పేరమ్మ అటు తిరిగింది. తల మొత్తం తిప్పితే గాని ఇప్పుడు ఆమెకి ఎడమవైపు కనబడదు.

"ఆమె కూడా పిల్ల తల్లే. కూర్చోనీ," అంది.

వెంకటరావమ్మ కూర్చోలేదు. "నీ కన్ను తీసింది నా మొగుడే. నేను కాదనట్లా. ఉరెయ్యమన్నా ఊరుకుంటా," అంది. "కానీ ఆ వానలో మాస్టారి గుమ్మంలో నిలబడ్డది కూడా నా మొగుడే. వరండా తెరిస్తే కాయ ఆగేది. కాయ ఆగితే ఆ మనిషి మృగమయ్యేవాడు కాదు."

"తాళం నా దగ్గరే ఉంది గదే," అంది పేరమ్మ. "ఈయనేం చేస్తాడు?"

నేను మాట్లాడబోయాను. ఏం మాట్లాడబోయానో ఇప్పుడు గుర్తు లేదు. బహుశా అధికారం గురించి.

అప్పుడు కరీమున్ గేటులోంచి వచ్చింది. వంటింట్లోంచి అలాగే వచ్చినట్టుంది, చేతికి పిండి. అందరి మధ్యనుంచి నడిచి, ఆ ఖాళీ దాటి, పేరమ్మ ముందు కూర్చుంది. ఆమె అరచెయ్యి తెరిచి అందులో రెండో తాళం చెవి పెట్టింది.

హేమశ్రీ నా వైపు చూసింది. బోర్డు మీద పాఠం అర్థం కానప్పుడు చూసినట్టు చూసింది.

పేరమ్మ చెవిని వేళ్లతో తడిమింది. కొంగు ముడి విప్పి, ఇన్నాళ్లూ అక్కడే ఉన్న మొదటి చెవిని తీసి పక్కన పెట్టి చూసుకుంది. రెండూ ఒకటే.

"ఇది ఎప్పట్నుంచి ఉంది మాస్టారూ మీ దగ్గర?"

"మొదట్నుంచీ."

"ఆసుపత్రిలో అడిగాను గదా."

"అడిగావు."

కాలనీ పక్క నుంచి ఒకడు లేచి నా కాలరు పట్టుకున్నాడు. చెంప మీద కొట్టాడు. చెవిలో హోరు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండో దెబ్బకి చెయ్యెత్తాడు.

"వదులు," అంది పేరమ్మ. "చెయ్యి దేనికి ఎత్తాలో చెబుతా, అప్పుడు ఎత్తు."

వాడు వదిలేశాడు. ఆమె రెండు చెవుల్నీ ఒకే ముడిలో వేసుకుంది.

"సర్కారుకి కాగితం పంపాలి. మీకు రాయడం బాగా వచ్చు గదా మాస్టారూ, రాయండి. మీ మాటలు కలపొద్దు. మేం చెప్పిందే రాయండి."

ఎం.ఇ.ఓ. వదిలిన కాగితం చించేశాను. తీర్మానాల పుస్తకం వాడి దగ్గరే ఉంది కాబట్టి సంచిలో ఉన్న ఈ డైరీ తీసి దీని చివరి పేజీలో రాశాను. రేపు తెల్ల కాగితం మీద ఎత్తి రాసి, కింద నా వాంగ్మూలం కూడా జత చేస్తాను, బీరువా సంగతితో సహా. ఒక్కో మాటకీ చేతులెత్తారు. వెంకటరావమ్మ కట్టు కట్టిన చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. పేరమ్మ దాన్నీ లెక్కేసింది.

1. కమిటీని రద్దు చేయొద్దు. ఎన్నుకున్నది మేము. దించాలంటే మేమే దించాలి.

2. బడిలో పిల్లలు లేనివాళ్లకి కమిటీలో కుర్చీ ఇవ్వొద్దు, దాతలని చెప్పి కూడా. తోరణం వద్దు.

3. తీర్మానాల పుస్తకం తిరిగి ఇవ్వాలి.

4. కౌలు రైతులకి ఊళ్లో రేకుల కప్పున్న కల్లం కట్టాలి. కట్టేదాకా, వాన పడితే బడి వరండా తెరుస్తాం. గ్రౌండులో మాత్రం కాయ పోయనివ్వం.

5. యలమందయ్య మీద కేసు నడవాలి. శివనాగరాజు మీద కేసు కూడా నడవాలి. రాజీ అంటూ మా ఇళ్లకి ఎవరూ రావద్దు.

6. పేరమ్మ కుడి కంటికీ, వెంకటరావమ్మ చేతులకీ, పొగలో దెబ్బలు తగిలిన పిల్లలందరికీ వైద్యం సర్కారే చేయించాలి.

7. హేమశ్రీ పరీక్షలకి కాలనీ ఆడవాళ్లతో కలిసి వెళ్తుంది. ఆ పిల్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు.

8. గేటు కొత్త తాళానికి చెవులు రెండు. ఒకటి కాలనీ తల్లి దగ్గర, ఒకటి ఊరి తల్లి దగ్గర. హెడ్మాస్టరు దగ్గర ఏదీ ఉండకూడదు.